అరువు నవ్వు

పైవరసలో ముందుపన్ను ఆవగింజంత లోపలికి పోయింది. అతను చిన్న చాకు మొనను దీపం మంటకు చూపించి, పన్ను చుట్టూ ఉన్న మైనాన్ని కరిగించి, బొటనవేలి గోటితో వెనకనుంచి మెల్లగా నెట్టాడు. ఊపిరి బిగబట్టి చూశాడు. ఆ తరవాత ఇత్తడి చట్రానికి బిగించిన రెండు ప్లాస్టర్ దవడలనూ ఒకసారి మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు. టక్కుమంది. ఆ చప్పుడు సరిగ్గా వస్తే చాలు, ఆ దవడల ఆసామి ఎవరైనా సరే ఇక హాయిగా నమిలి తింటాడు. ఎవరో అతనికి తెలియదు. డాక్టర్లు నోటి అచ్చులు పంపుతారు, అతను పళ్ళు పంపుతాడు. ఊళ్ళో సగంమంది నోళ్ళు అతని చేతుల మీదుగా వెళ్ళి ఉంటాయి గానీ, దారిలో ఎదురైతే అతన్ని గుర్తుపట్టేవాళ్ళు ఒక్కరూ లేరు. బస్సులో ఎవరైనా ఆవులిస్తే మాత్రం అతను తల తిప్పి చూస్తాడు, తన పళ్ళేమోనని.

కట్టుడు పళ్ళు చేసే ఆ ల్యాబు ఒక పాత మేడకి వెనకవైపు ఉంది. నాలుగు బల్లలు, గోడ పొడుగునా అరలు, అరల నిండా తెల్లటి ప్లాస్టర్ దవడలు. ఎంత తుడిచినా బల్లల మీదా, కుర్చీల మీదా, టీ కప్పుల మీదా సన్నటి ప్లాస్టర్ పొడి పేరుకుంటుంది. సాయంత్రానికి అక్కడ పనిచేసేవాళ్ళందరికీ కనుబొమలు నెరుస్తాయి. అతనివి నిజంగానే నెరిశాయి, కాకపోతే ఎప్పుడు నెరిశాయో ఎవరూ గమనించలేదు. ల్యాబులో అతన్ని మైనం అని పిలుస్తారు. పొద్దస్తమానం మైనంతో పని కాబట్టి ఆ పేరు వచ్చిందని అతను అనుకుంటాడు. ఎవరేమన్నా కరిగిపోతాడు కాబట్టి పెట్టామని మిగతావాళ్ళు అనుకుంటారు.

పక్కబల్ల దగ్గర పాలిష్ అక్క తిరుగుతున్న చక్రానికి ఒక పళ్ళ సెట్టును ఆనించి మెరుగు పెడుతోంది. కిటికీలో పెట్టిన ఆవిడ ఫోన్లోంచి పాత పాటలు వస్తున్నాయి. ఒక పాట చరణం మధ్యలో ఆగిపోయి, ఎవరిదో గొంతు వార్త చదివింది. పాలిష్ అక్క చక్రం ఆపేసింది. ఆ గదిలో పనివేళల్లో చక్రం ఆగడమనేది ఉండదు కాబట్టి అందరూ తలెత్తారు.

"చిలిపమ్మ పోయిందట," అంది.

సినిమావాళ్ళు ఆవిడకు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, జనం మాత్రం చిలిపమ్మ అనే పిలిచారు. ఒక తరం మొత్తాన్ని నవ్వించిన మనిషి. పొట్టిగా, గుండ్రటి కళ్ళతో, కథానాయిక పక్కన నిలబడి సగం సినిమాను ఎత్తుకుపోయేది. అన్నిటికంటే ఆ పన్ను. పైవరసలో ఎడమవైపు ఒక పన్ను పక్కదాని భుజం మీద చెయ్యి వేసినట్టు కాస్త ముందుకొచ్చి ఉండేది. దాన్ని సరిచేయించుకోమని ఎందరు చెప్పినా వినలేదట. నోరు తెరిస్తే ముందు ఆ పన్ను కనబడేది, ఆ వెంటనే హాలంతా నవ్వేది.

పాలిష్ అక్క ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. చిలిపమ్మంటే ఆవిడకు మొదట్నించీ పడదని ల్యాబులో అందరికీ తెలుసు. పెళ్ళయిన కొత్తలో వాళ్ళాయన పర్సులో తన ఫోటోకి చోటుండేది కాదుగానీ, చిలిపమ్మ ఫోటో మాత్రం ఉండేదట. మరి ఏడుపెందుకక్కా అని పక్కబల్ల కుర్రవాడెవరో అంటే, ఇన్నేళ్ళు ఒకళ్ళ మీద కోపంగా ఉన్నాక ఆ మాత్రం ఉండదా అని కసిరింది.

అతని చేతిలో చాకు చల్లారిపోయింది. అతనికి ముందు అత్తగారు గుర్తొచ్చింది, ఆవిడ వెనకాలే ఇంట్లో కిటికీ గూట్లో ఉన్న గ్లాసు గుర్తొచ్చింది. ఈ వార్త ఇవాళే రావాలా అనుకున్నాడు. ఇవాళ సాయంత్రం బస్సుకు అత్తగారు వెళ్ళిపోతోంది. ఆవిడ పెద్దకూతురికి నడుముకు ఆపరేషనైంది. ఆ ఇంట్లో మనిషి తోడు కావాలి. కొన్నాళ్ళకేలే అని ఆవిడ అంటోంది, కొన్నాళ్ళకేగా అని ఇతను అంటున్నాడు. ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళో ఇద్దరికీ తెలుసు.

ఆవిడ తమ ఇంట్లో ఉండడానికి వచ్చినప్పుడు అతను భయపడిన మాట నిజం. అత్తగారూ అల్లుడూ ఒకే హాల్లో ఎదురెదురుగా కూచుని ఏం మాట్లాడుకుంటారు? అతని భార్య మందుల షాపులో పనిచేస్తుంది, రాత్రి భోజనాల వేళకు గానీ రాదు. సాయంత్రాలు వీళ్ళిద్దరే. మొదట్లో అతను పేపరు అడ్డం పెట్టుకునేవాడు, ఆవిడ వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది. అప్పటికే ఆవిడ పళ్ళు ఒకటొకటిగా పోయి బోసినోరు మిగిలింది. అల్లుడి ఎదుట నోరు తెరవాలంటే సిగ్గు. మాట్లాడితే చెయ్యి అడ్డం, నవ్వితే చెయ్యి అడ్డం. పళ్ళు చేసేవాడి ఇంట్లో బోసినోటితో మనిషి తిరుగుతుంటే అతనికి ప్రాణం ఉసూరుమనేది.

అందుకని ఒక సెట్టు చేశాడు. తన చేత్తోనే అచ్చు తీసి, తన చేత్తోనే పళ్ళు పేర్చాడు. అక్కడే పొరపాటు చేశాడు. ఆవిడ పళ్ళు ఒకప్పుడు ఎలా ఉండేవో తెలుసుకుందామంటే, పాత ఫోటోల్లో అందరూ ఎవరో గదమాయించి నిలబెట్టినట్టు మూతి బిగించుకుని ఉన్నారు. భార్యను అడిగితే, "ఏమోనండీ, నాకు గుర్తులేదు. వయసులో ఉన్నప్పుడు అమ్మని చూసి చిలిపమ్మలా ఉందనేవాళ్ళట," అంది. అంతే, అతనికి ఉత్సాహం వచ్చేసింది. ఒక పాత పత్రిక అట్ట మీది బొమ్మ సంపాదించి, బల్ల ముందు అతికించుకుని, అచ్చం అలాగే, ఎడమవైపు పన్నును పక్కదాని మీదికి ఎక్కించి మరీ పేర్చాడు. నిటారుగా పేర్చడం ఎవరైనా చేస్తారు, అందంగా వంకర పెట్టడం చేతనైనవాడే చేస్తాడు. చేసినన్నాళ్ళూ లోలోపల మురిసిపోయాడు.

ఆవిడ పెట్టుకుని అద్దం ముందు చాలాసేపు నిలబడింది. "బాగున్నాయి బాబూ, చాలా బాగున్నాయి," అంది. తీసేసి, కడిగి, గ్లాసెడు నీళ్ళలో వేసి కిటికీ గూట్లో పెట్టింది. మళ్ళీ పెట్టుకోలేదు. గుచ్చుకుంటున్నాయా అత్తయ్యా అని అడిగితే అబ్బే, దూదిలా ఉన్నాయి అంది. ఇంకేం అడుగుతాడు? తన ముసలితనాన వేరే ఎవరిదో మొహం తెచ్చి తగిలించాడని నొచ్చుకుందనుకున్నాడు. తప్పు తనదే. మనిషి అడగని నవ్వు చేసిపెట్టడమేమిటి?

ఆ తరవాత వాళ్ళను కలిపింది పళ్ళు కాదు, జంతువులు. ఒకరోజు అతను ఫోన్లో ఏదో చూస్తూ తనలో తాను నవ్వుకుంటుంటే, ఏమిటి బాబూ అని ఆవిడ తొంగిచూసింది. ఒక ఎలుగుబంటి చెట్టుకి వీపు రుద్దుకుంటోంది. రుద్దుకుని, కళ్ళు మూసుకుని, ఇంకాస్త కిందికి రుద్దుకుంటోంది. "మన పై వాటాలో ఆయన," అంది ఆవిడ. అతనికి పొలమారింది. పై వాటా ఆయన గుమ్మానికి వీపు రుద్దుకోవడం ఇద్దరూ రోజూ చూసేదే, ఎవరూ పైకి అనలేదంతే. ఆనాటినుంచి సాయంత్రం టీ తాగాక అతను ఫోన్ పట్టుకుని ఆవిడ కుర్చీ పక్కన పీట వేసుకోవడం అలవాటైంది. మేకలకూ ఒంటెలకూ బాతులకూ ఆవిడ వరసలు కలిపేది. వరసగా నడిచే బాతుల్లో ఆఖరిదాన్ని చూసి, ఇది మీరే బాబూ, ఏ పెళ్ళికైనా అందరూ తిని లేచాక వస్తారు అనేది. మంచు మీద బండలా పొర్లే జంతువొకటుంది, దాని పేరు ఇద్దరికీ నోరు తిరగదు, దానికి రెండు కోరలు గడ్డం కిందదాకా వేలాడుతుంటాయి. దాన్ని చూసినప్పుడల్లా, "వీడి సెట్టు మీ ల్యాబులో చేసిందేనా? కొలత తప్పినట్టున్నారు," అనేది.

అని, చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. భుజాలు కదిలేవి, కళ్ళవెంట నీళ్ళు కారేవి, నవ్వు మాత్రం అరచేతి వెనకే ఉండిపోయేది. ఆ చెయ్యి కిందికి దిగాక ఆవిడ నవ్వు ఎలా ఉంటుందో చూడాలని అతని కోరిక. ఈ వయసులో అతనికి ఇంకే కోరికా లేదంటే అతిశయోక్తి కాదు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచాక అతను తన బల్ల సొరుగు లాగి, గుడ్డలో చుట్టిన కొత్త సెట్టును తీశాడు. అరలో భద్రంగా ఉన్న అత్తగారి పాత అచ్చు మీద, ల్యాబు యజమానిని అడిగి, భోజనాల వేళల్లో కొంచెం కొంచెంగా చేసుకొచ్చాడు. ఈసారి తెలివితేటలకు పోలేదు. మామూలు పళ్ళు. ఆ వయసు మనిషికి ఉండే రంగు, అంచుల్లో కాస్త అరుగుదల, ఎవరినీ గుర్తుచేయని వరస. ఈపాటికి చిగుళ్ళు కరిగి కొంచెం వదులవుతాయేమోనని ఒక్కటే బెంగ. ఆఖరి మెరుగు ఒకటే మిగిలింది.

పాలిష్ అక్క తన అన్నం డబ్బా మూసి వచ్చి, అడగకుండానే ఆ సెట్టును అతని చేతుల్లోంచి తీసుకుంది. చక్రం మీద మెరుగు పెడుతూ, "మీ అత్తగారికేనా? ఆవిడ పెట్టుకోదుగా," అంది.

"అది నా తప్పక్కా. ఇవి పెట్టుకుంటుంది. వెళ్ళేచోట నలుగురూ వస్తూ పోతూ ఉంటారు. అక్కడ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే కూచుంటుందా?"

ఆవిడ ఇంకో రెండుసార్లు ఎక్కువే మెరుగు పెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి ఇచ్చింది. అతను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో తడిదూది పరిచి, పళ్ళను అందులో పడుకోబెట్టి జేబులో వేసుకున్నాడు.

మిగిలిన భోజనం వేళంతా ఫోన్లో వెతికాడు. ఆఖరిరోజు చూపించడానికి ఒక మంచి వీడియో కావాలి. ఎటు తిప్పినా చిలిపమ్మే వస్తోంది. పువ్వుల మధ్య ఫోటోలు, పెద్దపెద్ద వాళ్ళ సంతాపాలు, ఎప్పుడో ఆవిడతో నిలబడి ఫోటో దిగినవాళ్ళ జ్ఞాపకాలు. చిత్రమైన చుట్టరికం ఇది అనిపించింది అతనికి. చిలిపమ్మ వీళ్ళందరి ఇళ్ళలో తిరిగింది, అన్నాలు తింటున్నప్పుడూ, పిల్లల్ని నిద్రపుచ్చుతున్నప్పుడూ కబుర్లు చెప్పింది. వీళ్ళెవరో ఆవిడకి తెలియదు. తన బతుకూ అంతేకదా, వేరే వైపునుంచి. ఎవరి నోట్లో ఉన్నాడో వాళ్ళకే తెలియదు. ఆ పోలిక తట్టి అతను సిగ్గుపడి, గబగబా వేలు జరిపాడు. ఒక పెద్ద సముద్రపు పక్షి కనబడింది. దాన్ని దాచిపెట్టుకున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి గుమ్మం పక్కన సూట్‌కేసు సిద్ధంగా ఉంది. జిప్పు సరిగా పడదు కాబట్టి తాడు కట్టారు. భార్య షాపునుంచి ముందే వచ్చి, వంటింట్లో ఆపిల్ కోస్తోంది. అతన్ని చూసి కళ్ళతోనే హాల్లోకి వెళ్ళమని సైగ చేసింది. ఆ సైగలో ఏదో ఉంది గానీ అతనికి అర్థం కాలేదు. చిలిపమ్మ పోయినందుకు అత్తగారు ఏడుస్తోందేమో, ఎలా ఓదార్చాలా అనుకుంటూ, జేబులో డబ్బాను పట్టుకుని వెళ్ళాడు.

టీవీలో చిలిపమ్మ పాత సినిమా సన్నివేశాలు వస్తున్నాయి. అత్తగారు అటు తిరిగి కూచుని ఉంది. మెడ నిటారుగా పెట్టుకుని, ప్రయాణానికి కట్టుకున్న బట్టల్లో, చేతులు రెండూ ఒళ్ళో వేసుకుని.

"వచ్చారా బాబూ," అంటూ ఇటు తిరిగింది.

మాట కాస్త మొద్దుగా వచ్చింది. బుగ్గలు నిండాయి. పెదవులు ఎక్కడ ఉండాలో అక్కడ ఉన్నాయి. ఎడమవైపు ఒక పన్ను పక్కదాని భుజం మీద చెయ్యి వేసుకుని ఉంది. అతను గబుక్కున కిటికీ గూటివైపు చూశాడు. గ్లాసులో నీళ్ళు తప్ప ఏమీ లేవు.

"పెట్టుకున్నారే," అన్నాడు చివరికి.

"పెట్టుకున్నాను. ఇన్నాళ్ళూ ఆవిడ వాడుకుంటోంది కదా అని ఊరుకున్నా," అంది అత్తగారు, టీవీ వైపు గడ్డం చూపించి. "పాపం, ఆవిడకి అదే బతుకుతెరువు. ఆవిడ బతికుండగా ఆవిడ నవ్వు నేనిక్కడ ఇంట్లో కూచుని నవ్వుతుంటే ఏం మర్యాద చెప్పండి? ఇంక ఆవిడకి అక్కర్లేదుగా. అంత మంచి నవ్వు, ఊరికే పోనివ్వడమెందుకని."

ఆవిడ వేళాకోళానికి అనలేదు. పక్కింటివాళ్ళ గొడుగు గురించి మాట్లాడినంత మామూలుగా అంది. అతనికి నవ్వొచ్చింది. ఇన్నేళ్ళ బరువు దిగినట్టయి, ఏం చెయ్యాలో తెలియక పీట మీద కూచున్నాడు.

"మీకు నచ్చలేదనుకున్నానత్తయ్యా."

"నచ్చకపోతే రోజూ నీళ్ళెందుకు మారుస్తాను బాబూ?"

నిజమే. రోజూ పొద్దున్నే ఆవిడ గ్లాసు కడిగి నీళ్ళు మార్చడం అతను చూస్తూనే ఉన్నాడు. చూశాడే గానీ, తన గురించి ఆలోచించుకోవడమే సరిపోయింది. భార్య ఆపిల్ ముక్కలు తెచ్చి పెట్టింది. అత్తగారు ఒకటి తీసుకుని, ముందు భయంభయంగా, తరవాత ధైర్యంగా కొరికింది. టక్కుమంది. అతను పనిలో వినే చప్పుడే అది. ఆవిడ నములుతూ కళ్ళు పెద్దవి చేసి కూతురి వైపు చూసింది, ఇంకో ముక్క తీసుకుంది. అతను జేబులోంచి చెయ్యి బయటికి తీశాడు, డబ్బా లేకుండా.

బస్టాండుకి ముగ్గురూ వెళ్ళారు. ఇంకా వెలుగు పూర్తిగా పోలేదు. బస్సు రాలేదు. భార్య నీళ్ళ సీసా కొనడానికి వెళ్ళింది. సిమెంటు బెంచీ మీద అత్తగారూ అతనూ, మధ్యలో తాడు కట్టిన సూట్‌కేసు. అతను ఫోన్ తీసి దాచిపెట్టుకున్న వీడియో పెట్టాడు.

తెల్లటి పెద్ద పక్షి. రెక్కలు ఇంత పొడుగు. సముద్రం మీద అలా తేలుతూ వస్తోంది, రెక్క కదపకుండా, మెడ తిప్పకుండా, కింద లోకముందన్న సంగతే పట్టనట్టు. చూస్తున్నవాళ్ళకే ఊపిరి నెమ్మదిస్తుంది. అలా వచ్చి, ఒడ్డు మీద దిగబోయి, కాళ్ళు రెండూ ముందుకు చాపి, ఒక్కసారిగా మొహం మీద పడి, పిల్లిమొగ్గ వేసి, ఇసకలో దొర్లింది. లేచి నిలబడి, చుట్టూ ఉన్న పక్షులేమైనా చూశాయేమోనని అటూ ఇటూ చూసి, ఏమీ జరగనట్టు నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

"పైనున్నంతసేపూ మహారాణి," అంది అత్తగారు. "కాలు కింద పెట్టగానే మనలాంటిదే."

నవ్వు మొదలైంది. ముందు భుజాలు కదిలాయి. అలవాటుగా కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచింది. అతను ఫోన్ వైపు చూడడం మానేసి ఆ చేతివైపే చూశాడు. చెయ్యి గడ్డం దాకా వచ్చి, ఎందుకొచ్చిందో మరిచిపోయినట్టు కాసేపు అక్కడే ఆగింది. మెల్లగా దిగి సూట్‌కేసు మీద వాలింది. ఆవిడ నోరారా నవ్వింది. బెంచీకి అవతల కూచున్న ముసలాయన తిరిగి చూసి, ఎందుకో తెలియకుండానే తనూ నవ్వాడు. పళ్ళు చిలిపమ్మవే. నవ్వు మాత్రం అతను ఎక్కడా, ఏ సినిమాలోనూ చూసింది కాదు. మధ్యలో చిన్న కిచకిచ, చివర ఒక నిట్టూర్పు, ఆ తరవాత మళ్ళీ మొదటినుంచీ. అది అత్తగారి నవ్వు. ఇన్నాళ్ళూ అరచేతి వెనక ఉన్నది ఇదే. అతనికి కళ్ళు చెమర్చాయి. పక్షి కోసమే అన్నట్టు తుడుచుకున్నాడు.

"మళ్ళీ పెట్టండి బాబూ," అందావిడ.

బస్సు వచ్చేదాకా ఆ పక్షి పడుతూనే ఉంది. అతను సూట్‌కేసు పైకి ఎక్కించాడు. కిటికీ పక్క సీటు చూపించాడు. పడుకునేముందు పళ్ళు తీసి నీళ్ళలో వెయ్యడం మరిచిపోవద్దన్నాడు. అక్కడ గ్లాసులుండవా ఏమిటి అందావిడ. భార్య తల్లి చెయ్యి పట్టుకుని, ఏదో చెప్పబోయి, మందులు వేళకి వేసుకోమని మాత్రం చెప్పి దిగింది. వీడియోలు ఎలా చూస్తారని అడగాలని అతను అనుకుంటూండగానే బస్సు కదిలింది. కిటికీలోంచి ఆవిడ చెయ్యి ఊపింది. రెండో చెయ్యి ఒళ్ళోనే ఉంది, మొహం మొత్తం తెరిచి ఉంది.

ఇంటికి వచ్చాక భార్య వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలు మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. అతను గుమ్మం తలుపు గడియ వేశాడు. తరవాత కిటికీ దగ్గరికి వెళ్ళి జేబులోంచి డబ్బా తీశాడు. దూది ఇంకా తడిగానే ఉంది. పళ్ళు ఎండితే పాడవుతాయి, అది అతనికి తెలిసిన పని. రోజూ పొద్దున్నే నీళ్ళు మార్చడం గుర్తుపెట్టుకోవాలి అనుకున్నాడు.

అత్తగారు ఆ పొద్దున మార్చిన నీళ్ళలోకి, ఎవరినీ గుర్తుచేయని ఆ మామూలు పళ్ళు, ఇంకా ఎవరూ నవ్వి చూడనివి, ఒక చిన్న బుడగ వదిలి, మెల్లగా గ్లాసు అడుక్కి దిగాయి.